జంట గానానికి ఒక్క పేరా?

పద్యం ఒక్కరు పాడేది కాదు, ఇద్దరు పాడేది. ఒకరిది గొంతు, ఇంకొకరివి వేళ్ళు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో తెల్లవార్లూ పద్యనాటకం చూసిన ప్రతి మనిషి చెవులకూ ఈ సంగతి తెలుసు. కరపత్రం అచ్చువేయించే వాళ్ళకే తెలియదు. కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు ఫొటోలతో సహా ఉంటారు. దాతల పేర్లుంటాయి. సర్పంచు పేరుంటుంది. మైకుసెట్టు వాళ్ళ పేరు, సెల్లు నంబరు ఉంటాయి. అన్నిటికీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో హార్మోనియం అని ఉంటుంది. దాని పక్కన మనిషి పేరుంటే ఉంటుంది, లేకుంటే లేదు.

ఆ పేరు లేని మనిషి లేచి ఇంటికి పోతే ఆ రాత్రి నాటకమే లేదు. కృష్ణుడు రాకపోతే ఇంకో కృష్ణుడు దొరుకుతాడు. రాత్రంతా సాగే కురుక్షేత్రం నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీను సీనుకూ మారుతూనే ఉంటారు. ప్రార్థన మొదలు మంగళం దాకా మారనిది వేదిక పక్కన కూర్చున్న హార్మోనిస్టు ఒక్కడే. అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాడు, అందరికంటే చివర లేస్తాడు. ఖర్చు పెరిగిందని కమిటీవాళ్ళు తల గోక్కున్నప్పుడు మొదటి కోత పడేది మాత్రం ఆయన డబ్బుకే. శాలువాలు తక్కువైతే ఆగిపోయేదీ ఆయన శాలువానే. ఇది అన్యాయం. ఏళ్ళ తరబడి అలవాటైపోయిన అన్యాయం కాబట్టి ఎవరికీ కంటికి ఆనడం లేదు. అందుకే గొంతు పెంచి చెప్పాల్సి వస్తోంది.

హార్మోనిస్టు చేసే పని ఏమిటో తెలియకుండానే చాలామంది ఆయన్ను చిన్నచూపు చూస్తున్నారు. కాబట్టి ముందు ఆ పని సంగతి చెప్పాలి.

కీర్తనకు తాళం ఉంది. పాడేవాడు, వాయించేవాడు ఇద్దరూ ఆ తాళాన్ని పట్టుకుని నడవవచ్చు. రంగస్థల పద్యానికి తాళం లేదు. ఛందస్సు ఉంది గానీ అది నటుడి ఊపిరిని కట్టేయదు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, యతి పదో అక్షరం దగ్గర. మత్తేభానికీ ఇరవయ్యే, యతి మాత్రం పద్నాలుగో అక్షరం దగ్గర. నటుడు యతి దగ్గరే ఆగుతాడన్న నమ్మకం లేదు. అర్థం విరిగే చోట ఆగుతాడు. కోపం వచ్చిన చోట ఆగుతాడు. వయసు మీద పడి ఊపిరి చాలని చోట ఆగుతాడు. నిన్న ఆగిన చోట ఇవాళ ఆగడు. ఆ ఆగే చోటు ఎక్కడో నటుడి భుజం కదలికను బట్టి, మెడ నరాన్ని బట్టి అర క్షణం ముందే హార్మోనిస్టు కనిపెట్టాలి. గొంతు ఆగగానే రాగం తెగకుండా అందుకోవాలి. నటుడు ఊపిరి పీల్చుకున్నంతసేపూ ఆ రాగాన్ని గాలిలో నిలబెట్టాలి. మళ్ళీ గొంతు లేచే క్షణానికి చేయి తగ్గించాలి. ఒక్క మెట్టు ఎక్కువ నొక్కితే గొంతు మునిగిపోతుంది. ఒక్క క్షణం ఆలస్యమైతే వేదిక మీద ఖాళీ పడుతుంది. సీసపద్యమైతే నాలుగు పెద్ద పాదాలు సాగి సాగి, చివర ఎత్తుగీతి దగ్గర నడకే మారిపోతుంది. అక్కడ ఇద్దరూ ఒక్కసారే మలుపు తిరగాలి. దీనికి కాగితం మీద స్వరం ఉండదు, ఎవరూ సైగ చేయరు.

శ్రుతి సంగతి ఇంకా కష్టం. నాలుగున్నర శ్రుతిలో పాడే ధర్మరాజు పద్యం ముగించి పక్కకు తప్పుకుంటాడు. ఆరు శ్రుతిలో దుర్యోధనుడు విరుచుకుపడతాడు. ఇద్దరూ మోహనే అందుకున్నారనుకోండి. నాలుగున్నరలో మోహన అయిదు స్వరాలూ అయిదు నల్లమెట్ల మీదే నడుస్తాయి. ఆరు శ్రుతికి మారగానే అదే మోహనకు మూడు తెల్లమెట్లు, రెండు నల్లమెట్లు అవుతాయి. వినేవాళ్ళకు రాగం ఒక్కటే. వాయించే వేళ్ళకు ఊరే మారిపోయింది. ఆ మార్పు ఒక్క చప్పట్ల మోతలో జరిగిపోవాలి. పాత తరం హార్మోనిస్టులు కాళ్ళతో తొక్కే పెట్టె ముందు కూర్చుని, రెండు చేతులూ మెట్ల మీద ఉంచి, రాత్రి పది నుంచి పొద్దు పొడిచేదాకా ఈ పని చేశారు. దుర్యోధనుడి గొంతు బొంగురుపోతే శ్రుతి అర మెట్టు దించి ఆయన పరువు కాపాడారు. పద్యం మరిచిపోయిన నటుడికి మొదటి మాట గొణిగి అందించారు. కాటిసీనులో హరిశ్చంద్రుడి ఏడుపుకు గొంతు చాలకపోతే ఆ మిగతా ఏడుపు వేళ్ళతో ఏడ్చారు. పేరు హరిశ్చంద్రుడికి వచ్చింది.

అసలు ఆ హరిశ్చంద్రుణ్ణి తయారు చేసిందెవరు? పల్లె నాటకంలో హార్మోనియం వాయించే మనిషే చాలాచోట్ల మాస్టరు కూడా. నాటకం ఆడాలని ఊరు నిర్ణయించుకున్నాక ఆయన పెట్టెతో ఆ ఊళ్ళో దిగుతాడు. పగలంతా చేనులో పనిచేసి వచ్చిన రైతుకు, మగ్గం దిగి వచ్చిన నేతగాడికి, అక్షరం రాని కూలికి రాత్రిపూట పద్యం నేర్పుతాడు. చదవలేని వాడి చేత సంస్కృత సమాసాలు తప్పు లేకుండా పలికిస్తాడు. ఎవరి గొంతు ఏ శ్రుతికి లేస్తుందో మొదటి రాత్రే పట్టేస్తాడు. ఈ ఊళ్ళన్నీ ఉన్న పాత పాలమూరు కరువు జిల్లా. ఆనకట్టలు కట్టడానికి, బొంబాయి పునాదులు తవ్వడానికి ఇక్కడి జనం మూటాముల్లె కట్టుకుని పోయారు. నేర్పిన అర్జునుడు వలసపోతే మాస్టరు ఇంకో అర్జునుణ్ణి మొదటి నుంచి తయారు చేశాడు. బడి లేని ఊళ్ళలో ఆయనే బడి. దీనికి ఏ రిజిస్టరులోనూ ఒక్క గీత లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన వేదికల మీద ఎక్కువగా మోగే పద్యాలు పాండవోద్యోగ విజయాలలోవి. రాసింది తిరుపతి వేంకట కవులు. ఇద్దరు మనుషులు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి. ఏ పాదం ఎవరిదో మనం అడగలేదు. తిరుపతి శాస్త్రి కన్నుమూశాక కూడా చెళ్ళపిళ్ళ వారు జంట పేరుతోనే రాశారు. ఈ జంట మన గడ్డకు వచ్చింది. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లో అవధానాలు చేసింది, సన్మానాలు పొందింది. ఇక్కడి ప్రభువులు ఒక పద్యానికి ఇద్దరు కర్తలుంటారని ఒప్పుకుని ఇద్దరికీ కలిపి దండం పెట్టారు. నూరేళ్ళకు పైగా తెలుగువాళ్ళందరూ ఒప్పుకున్నారు. రాసేటప్పుడు ఇద్దర్ని ఒప్పుకున్న జాతి, అదే పద్యం పాడేటప్పుడు ఇద్దర్ని ఎందుకు ఒప్పుకోదు? కలం పట్టిన ఇద్దరిదీ సమాన గౌరవమైతే గొంతుది ఎక్కువ, వేలిది తక్కువ ఎట్లా అయింది? దీనికి సమాధానం కళలో లేదు. ముఖానికి రంగు వేసుకుని వెలుగులో నిలబడిన వాడే గొప్పవాడు, పక్కన చీకట్లో కూర్చున్నవాడు పనివాడు అనుకునే మన బుద్ధిలో ఉంది.

జనం వచ్చేది నటుణ్ణి చూడటానికే కదా అంటారు. చూడటానికి వస్తారు, సరే. తెల్లారేదాకా కూర్చునేది దేనికి? వన్స్‌మోర్ అని అరిచేది దేనికి? పద్యం చివర నటుడు రాగం తీస్తూ పైషడ్జం మీద నిలబడినప్పుడు, పెట్టె ఆ స్వరాన్ని కింద నుంచి ఎత్తి పట్టుకున్నప్పుడు వచ్చే కేక అది. అదే నటుడి చేత, అదే పద్యం, పెట్టె లేకుండా పాడించి చూడండి. కేక వస్తే నేను ఈ వాదం వదిలేస్తాను.

ఇంకో మాట అంటారు. అది పరాయి పెట్టె, మన గమకం పలకదు, దానికేం గౌరవం అని. ఈ మాట పాతదే. ప్యారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1840ల్లో పేటెంటు తీసుకున్న వాద్యం అది, నిజమే. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని మన కూర్చునే తీరుకు మార్చాడు. స్వరానికీ స్వరానికీ మధ్య జారడం దానికి చేతకాదని పెద్దవాళ్ళు కోప్పడ్డారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. మూడు దశాబ్దాలు అట్లాగే నడిచి 1971లో సడలింపు వచ్చింది, అదీ షరతులతో. రేడియో తలుపు మూసిన ఆ ఏళ్ళన్నీ తెలుగు పద్యాన్ని మోసింది ఊరూరి నాటక వేదిక మీది ఈ పెట్టెనే. తోడి గాంధారం ఊగాల్సింది నటుడి గొంతులో. మంచి హార్మోనిస్టుకు ఆ గాంధారం తన పెట్టెలో లేదని తెలుసు. అందుకే అక్కడ మెట్టు నొక్కడు. దాని ముందు స్వరం, వెనక స్వరం చూపి మధ్యలో ఖాళీ వదులుతాడు. ఆ ఖాళీలో గొంతు ఊగుతుంది. వాద్యానికి లేనిదాన్ని వాయించకుండా వినిపించడం ఎంత విద్య! దాన్ని లోపం అనేవాళ్ళు ఒక్క రాత్రి వేదిక పక్కన కూర్చుని చెవి పెట్టి వినాలి.

పక్కవాద్యాన్ని చిన్నచూపు చూసే మన జబ్బే పడమటి దేశాల్లోనూ ఉండేది. అక్కడ కవితకు స్వరం కట్టి, ఒక గొంతు, ఒక పియానోతో పాడే కచేరీలున్నాయి. షూబర్ట్ 1815లో గెటే కవిత ఎర్ల్‌కోనిగ్‌కు పాట కట్టాడు. జ్వరంతో వణికే కొడుకును పట్టుకుని తండ్రి రాత్రివేళ గుర్రం మీద పరుగెత్తే కథ అది. గుర్రపు డెక్కలు గాయకుడి గొంతులో లేవు, పియానో కుడిచేతిలో ఉన్నాయి. మణికట్టు పడిపోయేంత వేగంతో ఆ చేయి ఆగకుండా కొట్టాలి. ఆ చేయి లేకపోతే ఆ పాటే లేదు. అయినా ఆ చేయి మనిషి పేరు ఎన్నో ఏళ్ళు కరపత్రం అడుగునే ఉంది. గెరాల్డ్ మూర్ అనే ఆంగ్ల పియానిస్టు ఆ పద్ధతి మీద జీవితమంతా పోరాడాడు. 1943లో పక్కవాద్యకారుడిగా తనకు సిగ్గేమీ లేదని చాటుతూ పుస్తకం రాశాడు. 1962లో రాసిన ఆత్మకథకు తన వాయింపు మరీ గట్టిగా ఉందా అన్న ప్రశ్ననే పేరుగా పెట్టాడు. 1967లో ఆయన వీడ్కోలు కచేరీకి ఆ కాలపు మహాగాయకులు ముగ్గురు, ష్వార్జ్‌కోఫ్, ఫిషర్ డీస్కౌ, విక్టోరియా డి లాస్ ఏంజలిస్, లండన్ రాయల్ ఫెస్టివల్ హాలుకు వచ్చి ఆయన కోసం పాడారు. చివర ఆయన ఒంటరిగా వాయించాడు. అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1947లో, లాస్ ఏంజిలిస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్వెండొలిన్ కొల్డోఫ్‌స్కీ ఈ విద్యకు డిగ్రీ చదువే పెట్టించింది. గాయకుడితో కలిసి ఊపిరి తీయడం నేర్పే చదువు అది. వాళ్ళకు మనకంటే గొప్ప చెవులేమీ లేవు. అడిగిన మనుషులున్నారు, అంతే.

మనకు ఆ పాఠం లండన్ నుంచి రావాల్సిన అవసరం కూడా లేదు. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చింది. డక్కలివారి కిన్నెర మీద జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడిన దర్శనం మొగులయ్య చేతిలో పన్నెండు మెట్లున్నాయి. పాడేదీ ఆయనే, వాయించేదీ ఆయనే. ఆ కళలో గొంతు యజమాని కాదు, వాద్యం పాలేరు కాదు. గొంతు ఆగిన చోట కిన్నెర కథ చెబుతుంది. లోకం ఆయన ఇంటిపేరు మరిచిపోయి కిన్నెర మొగులయ్య అనే పిలిచింది. వాద్యానికి అంత విలువ ఇచ్చిన మట్టి ఇది. ఇదే మట్టిలో, వాద్యం ఇంకో మనిషి చేతిలోకి పోగానే ఆ మనిషికి పేరే లేకుండా పోతోంది.

మొగులయ్యకు మాత్రం మనం న్యాయం చేశామా? 2021లో సినిమా పాటలో ఆయన గొంతు మోగింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టే చోట కూలిపని చేస్తూ కనిపించాడని వార్తలు వచ్చాయి. పద్మశ్రీ వచ్చిన చేతులకే తట్టలు మోయాల్సి వస్తే, కరపత్రంలో పేరు కూడా రాని హార్మోనిస్టు ముసలితనంలో ఏం తింటున్నాడో ఎవరు చూస్తున్నారు? కర్ణాటక సంగీతంలో పక్కవాద్యానికి కొంత మర్యాద ఉంది. మైకులో పేరు చెబుతారు, విడిగా వాయించే తని ఆవర్తనానికి చోటిస్తారు. అక్కడ కూడా, పెద్ద పెద్ద విద్వాంసుల పక్కన వయొలిన్ వాయించిన అన్నవరపు రామస్వామి గారికి పద్మశ్రీ అందేసరికి ఆయనకు తొంభై దాటాయి. ఊరి నాటకంలో పెట్టె వాయించే మాస్టరు తొంభై దాకా ఎదురుచూడాలా?

ఆ ఎదురుచూపుకు కూడా ఇప్పుడు సమయం లేదు. ట్రాకు వచ్చింది. స్టూడియోలో రికార్డు చేసిన సంగీతం పెన్‌డ్రైవులో పెట్టుకుని, స్పీకర్లలో వేసి, దాని మీద పద్యం పాడుతున్నారు. ఖర్చు తగ్గిందని సంతోషిస్తున్నారు. ఏం పోయిందో చెప్పనా? నటుడు ఆగితే ట్రాకు ఆగదు. ఊపిరి చాలకపోతే దానికి తెలియదు. జనం వన్స్‌మోర్ అంటే దానికి వినపడదు. నటుడికి ఆ రాత్రి కొత్త ఊహ పుట్టి రాగాన్ని ఇంకో వైపు తిప్పాలనిపిస్తే తిప్పలేడు. పదేళ్ళు ట్రాకు మీద పాడిన నటుడు పద్యం పాడటం మరిచిపోతాడు, లెక్క పెట్టడం నేర్చుకుంటాడు. కీబోర్డు మీద నాకు కోపం లేదు. మనిషి కూర్చుని గొంతును వింటూ వాయిస్తే ఏ పెట్టె అయినా ఒకటే. మనిషిని లేపి యంత్రాన్ని కూర్చోబెట్టడాన్నే నేను ఎదిరిస్తున్నాను. హార్మోనిస్టుకు ఇచ్చే నాలుగు రూకలు మిగిల్చుకోవడానికి పద్యాన్నే అమ్ముకుంటున్నారు.

ఈ గడ్డ మీద ఇలా పేర్లు చెరిపేసే మరపును ఎదిరించిన మనిషి ఒకాయన ఉన్నాడు. బోరవెల్లిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ఆయన వాదన పెట్టుకుని ఊరుకోలేదు. ఊరూరికీ కబురు పంపి, పేర్లు, పద్యాలు సేకరించి, 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చువేశాడు. 354 మంది కవులు. లేరన్న నోళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు హార్మోనిస్టుల సంచిక కావాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ ఊళ్ళో ఎవరు పెట్టె వాయించారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్ని ఊళ్ళకు నాటకం నేర్పారు, ఏ పద్యానికి ఏ రాగం కట్టారు, ఇవన్నీ రాయాలి. బతికున్న వాళ్ళ వాయింపు రికార్డు చేయాలి. గొంతుతో కలిపి ఒకసారి, పెట్టె ఒక్కటే విడిగా ఒకసారి. ఆ వేళ్ళు పోయాక అడిగి లాభం లేదు.

తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో సురవరం పేరు పెట్టారు. గర్వపడ్డాం. ఆ పేరు మోసే విశ్వవిద్యాలయానికి ఆ పేరు బరువు కూడా తెలియాలి. సంగీతం, రంగస్థలం రెండూ నేర్పే చోటు అది. పద్యానికి హార్మోనియం సహకారాన్ని ఒక విద్యగా, పరీక్షతో, పట్టాతో నేర్పండి. నేర్పేవాళ్ళుగా పల్లెల్లోని మాస్టర్లను పిలవండి. వాళ్ళకు డిగ్రీలు లేవని గుమ్మంలో ఆపకండి. జిల్లా సాంస్కృతిక శాఖలు కళాకారుల పింఛన్ల జాబితా రాసేటప్పుడు వేదిక మీద నిలబడ్డవాళ్ళతో పాటు పక్కన కూర్చున్నవాళ్ళనూ రాయండి. నాటక పోటీలు పెట్టేవాళ్ళు ఉత్తమ నటుడికి ఎంత బహుమతి ఇస్తారో ఉత్తమ హార్మోనిస్టుకూ అంతే ఇవ్వండి. తక్కువ ఇస్తే అసలు ఇవ్వకండి.

వచ్చే సంక్రాంతికి, శివరాత్రికి, ఊరి జాతరకు నాటకం పెట్టే కమిటీ పెద్దలారా, కరపత్రం ప్రెస్సుకు పంపే ముందు ఒకసారి చూడండి. కృష్ణుడి పేరు ఎంత అక్షరంలో ఉందో హార్మోనిస్టు పేరూ అంతే అక్షరంలో, ఫొటోతో సహా వేయించండి. మాట్లాడుకున్న డబ్బు మంగళం పాడకముందే చేతికివ్వండి. పెట్టెను వేదిక వెనక్కి, మూలకు నెట్టకండి. నటుడి భుజం ఆయనకు కనిపించే చోట, దీపం కింద కూర్చోబెట్టండి.

నటులారా, మీకు కోపం వస్తే రానివ్వండి. మీ గొంతు పగిలిన రాత్రుల్లో మిమ్మల్ని కాపాడింది ఎవరో మీకు నాకంటే బాగా తెలుసు. ఈసారి జనం వన్స్‌మోర్ అని లేచినప్పుడు చేతులు జోడించి వెంటనే పద్యం ఎత్తుకోకండి. పెట్టె వైపు తిరగండి. మైకు దగ్గర ఆయన పేరు, ఊరు, గురువు పేరు చెప్పండి. తెలియకపోతే అక్కడే, అందరి ముందే, ఆయన్నడిగి తెలుసుకోండి.